కృష్ణ గోడ ఆగింది, బుడమేరు గట్టు తెగింది

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున్నే విజయవాడ సింగ్‌నగర్ నుంచి అక్క ఫోన్ చేసింది. "వీధిలోకి నీళ్ళొస్తున్నాయిరా, వాన నీళ్ళేలే, తగ్గిపోతాయి" అంది. నేనుండేది అదే ఊళ్ళో కృష్ణలంకలో, కృష్ణ ఒడ్డున. ఆ రోజు టెన్షన్ అంతా మా ఇంటి గురించే, సామాన్లు సర్దుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళిపోదామా అని మేమే ఆలోచిస్తున్నాం. గంటన్నర తర్వాత మళ్ళీ ఫోన్. నీళ్ళు గుమ్మం దాటి మంచం కోళ్ళ దాకా వచ్చేశాయట. మధ్యాహ్నానికి పిల్లల్ని ఎత్తుకుని పైవాటా వాళ్ళింటికి ఎక్కారు, ఐదు రోజులు కిందికి దిగలేదు.

మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్ళాయి. అంతకు ముందెప్పుడూ అంత నీరు పోలేదు. 2009 అక్టోబరులో దాదాపు 11 లక్షలకే మా వీధి మునిగి, బియ్యం మూటతో సహా అన్నీ వదిలేసి బయటికి పరిగెత్తాం. అంతకంటే ఎక్కువ వచ్చిన 2024లో మా ఇంట్లో నేల తడవలేదు. కారణం రిటైనింగ్ వాల్. యనమలకుదురు వైపు నుంచి పద్మావతి ఘాట్ దాకా దశలవారీగా కట్టిన కాంక్రీటు గోడ అది. కొన్ని చోట్ల ఊట వచ్చింది, ఇసుక బస్తాలు వేశారు, కానీ గోడ నిలబడింది. ఆ రాత్రి గోడకి అవతల నీళ్ళు మా ఇంటి నేల కంటే ఎత్తులో ఉన్నాయి. ఆ చప్పుడు వింటూ కూర్చున్నవాళ్ళకి ఆ గోడ విలువ వేరే చెప్పక్కర్లేదు.

అక్కావాళ్ళని ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు అది, మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీళ్ళని ఆపి వదిలే గేట్లు) పెట్టి, వరదని డైవర్షన్ ఛానల్ ద్వారా కృష్ణలోకి మళ్ళిస్తారు, మిగతాది ఊళ్ళోంచి కొల్లేరుకి పోతుంది. కృష్ణే నిండుగా ఉంటే ఆ ఛానల్ నీరు తొందరగా దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. పైనుంచి వాగు తోస్తోంది, కింద నది అడ్డం. మధ్యలో ఇరుక్కున్న మట్టి కట్ట ఎంతసేపు ఓర్చుకుంటుంది? ఆ ఛానల్ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. చివరికి ఆర్మీ వాళ్ళు వచ్చి ఇనుప వలల బుట్టల్లో రాళ్ళు నింపి పేర్చారు, సెప్టెంబరు 7కి గానీ మూడో గండి పూడలేదు. అన్ని రోజులూ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలోనే ఉన్నాయి.

అందుకే ఎవరైనా "గోడ కట్టేశారుగా, బెజవాడకి ఇక వరద భయం లేదు" అంటే నాకు కోపం వస్తుంది. కట్ట బలం చూడాల్సింది దాని బలహీనమైన చోట. ఒక పక్క కాంక్రీటు గోడ, ఇంకో పక్క ముళ్ళకంపలు మొలిచి, ఎవరి అవసరానికి వాళ్ళు మట్టి తవ్వుకుపోయిన గట్టు ఉంటే, నీళ్ళు ఆ రెండోదాన్నే వెతుక్కుంటాయి.

మట్టి కట్ట తెగడానికి ప్రతిసారీ నీళ్ళు పైనుంచి పొర్లక్కర్లేదు. పొర్లితే వెనక వాలు కోసుకుపోతుంది, అది కంటికి కనిపిస్తుంది. కనిపించనిది బుంగ. ఎలుక బొరియో, ఎండిపోయిన చెట్టు వేరు వదిలిన ఖాళీయో, తూము పక్కన సరిగా కూరని మట్టో చాలు, లోపల్లోపల దారి చేసుకుని నీళ్ళు అవతలికి వస్తాయి. ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి, బురదగా వస్తుంటే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, చుట్టూ బస్తాలతో గుండ్రంగా కట్టి ఆ ఒత్తిడిని అణచాలి, అదీ వెంటనే. ఇది రాత్రి రెండు గంటలకి కనిపెట్టాలంటే కట్ట మీద టార్చిలైటు పట్టుకుని నడిచే మనిషి ఉండాలి. ఆ పని లస్కర్లది, అంటే కట్టల్ని కనిపెట్టుకుని ఉండే సిబ్బందిది. కట్ట ఎత్తు పెంచడానికి డబ్బులు అడుగుతాం గానీ లస్కర్లు ఎంతమంది ఉన్నారని అడగం. నా బాధంతా అదే.

ఇంకోటి కూడా ఉంది. గోడ బయటి నీళ్ళని ఆపినట్టే లోపలి వాననీ ఆపుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినా కరకట్ట ఆగింది, కానీ నది అంత ఎత్తులో ఉంటే తూములు మూసేయాలి, మూస్తే ఊళ్ళో నీరు బయటికి పోదు, మోటార్లు పెట్టి తోడాల్సిందే. కట్టతో పాటు తూముల తలుపులూ, పంపులూ, వాటికి కరెంటూ, డీజిలూ ఉంటేనే అది రక్షణ. ఇక ఊళ్ళో బుడమేరు ఇరుకైన చోట్ల ఇళ్ళు కట్టుకున్నది ఎక్కువగా పేదవాళ్ళే. వాళ్ళకి వేరే చోటు చూపించకుండా వెడల్పు చేస్తామంటే నేను ఒప్పుకోను. కానీ వాగుకి దాని జాగా ఇవ్వకుండా గట్లు ఎంత లేపినా నీటి మట్టం కూడా వాటితో పాటే లేస్తుంది, ఇదీ నిజమే.

అక్క ఇంట్లో గోడ మీద నీటి చార ఇంకా ఉంది, రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలుతోంది. రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు కవర్లో కట్టి అటక మీద పెట్టేసింది, అవసరమైనప్పుడు కుర్చీ వేసుకుని దించుతుంది. నాలుగు గంటలు ఆగకుండా వాన కొడితే నాకు ఫోన్ చేస్తుంది. కృష్ణ సంగతి అడగదు. "మైలవరం వైపు ఎలా ఉందిరా" అంటుంది.