వరిగడ్డి నీళ్ళు, పుట్టగొడుగు, ఒక పేటెంటు దరఖాస్తు

పుట్టగొడుగులోకి జన్యువు పంపే పని మొదలుపెట్టిన నాలుగో నెలలో మా గైడ్ మేడమ్ ఒక ప్రింటవుట్ నా టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. అమెరికా పేటెంటు, నంబరు 6,255,115. 2001లో యూనీలీవర్ సంస్థకు ఇచ్చింది. ఆగ్రోబాక్టీరియం సాయంతో బూజు జాతుల్లో, ముఖ్యంగా ఆస్పర్‌జిల్లస్‌లో, జన్యుమార్పిడి చేయడం అని శీర్షిక. చదవగానే ఒళ్ళు చల్లబడింది. మేం రాత్రింబవళ్ళు కూర్చుని చేస్తున్నదీ అదే బాక్టీరియాతోనే.

పేటెంటు అంటే బొత్తిగా తెలియని నాలాంటి బయోటెక్నాలజీ వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ భయంలో మేం మూడు నెలలు ప్రయోగాలు ఆపేశాం. ఆపాల్సిన అవసరమే లేదని తర్వాత తెలిసింది.

ముందు అసలు పని గురించి రెండు ముక్కలు. ఆగ్రోబాక్టీరియం మట్టిలో ఉండే సూక్ష్మజీవి. మొక్కకు గాయమైతే అక్కడికి చేరి, తన ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంలోని ఒక ముక్కను మొక్క కణంలోకి పంపి గడ్డ పుట్టిస్తుంది. గడ్డ పుట్టించే జన్యువులు తీసేసి, ఆ చోట మనకు కావలసిన జన్యువు పెడితే దాన్నీ అలాగే మోసుకెళ్తుంది. 1995లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ వాళ్ళు ఇది ఈస్ట్‌లోకి కూడా డీఎన్‌ఏ పంపగలదని చూపించారు. 1998లో వాళ్ళే యూనీలీవర్‌తో కలిసి బూజు జాతుల్లో, బటన్ పుట్టగొడుగులో చేసి చూపించారు. 2000లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు బటన్ పుట్టగొడుగు గొడుగు కింద ఉండే రేకులను ముక్కలుగా కోసి, వాటి మీదే బాక్టీరియాను పనిచేయించే పద్ధతి ప్రచురించారు.

అయితే ఒక చిక్కుంది. గాయపడ్డ మొక్క కొన్ని ఫీనాలిక్ పదార్థాలను వదులుతుంది. వాటిని పసిగడితేనే బాక్టీరియా డీఎన్‌ఏ పంపే యంత్రాంగాన్ని మొదలుపెడుతుంది. పుట్టగొడుగు ఆ సంకేతం ఇవ్వదు. అందుకే అసిటోసిరింగోన్ అనే రసాయనాన్ని మనమే పోయాలి. అది చవకగా దొరికేది కాదు.

మా ఆలోచన పుట్టింది పుట్టగొడుగుల షెడ్డులో. ఆయిస్టర్ బెడ్లు కట్టే ముందు వరిగడ్డిని నానబెట్టి వేడినీళ్ళలో ఉడకబెడతారు కదా. ఆ డ్రమ్ములో మిగిలే నీళ్ళు డికాక్షన్ రంగులో ఉంటాయి. రోజూ వాటిని కాలవలోకి ఒంపేస్తున్నారు. గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ నుంచి దిగేవి కూడా ఫీనాలిక్ పదార్థాలే కదా అనిపించి, ఒక సీసాలో పట్టుకొచ్చి, వడకట్టి, అసిటోసిరింగోన్ బదులు అదే పోశాను. తొమ్మిదో రోజు హైగ్రోమైసిన్ ప్లేటు తెరిస్తే, అంతా బోసిగా ఉన్న చోట రెండే రెండు తెల్లటి దూది పింజలు. మేం పంపినదాంట్లో ఆ యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువూ ఉంది, కాబట్టి మైసీలియం, అంటే పుట్టగొడుగు దారాల అల్లిక, పైకి లేచిందంటే జన్యువు లోపలికి వెళ్ళినట్టే. డీఎన్‌ఏను పట్టిచూపే పీసీఆర్ పరీక్షలో బ్యాండు కనపడేదాకా నేను ఎవరికీ చెప్పలేదు. మా లక్ష్యం తినే పుట్టగొడుగు కాదు. అద్దకం మురుగు నీటిలో రంగులను విరగ్గొట్టే లాకేస్ ఎంజైమును ఎక్కువగా చేసే మైసీలియం. పనంతా బయోసేఫ్టీ కమిటీ అనుమతితో, నాలుగు గోడల మధ్యే.

ఇంత జరిగాక వచ్చింది ఆ ప్రింటవుట్.

మా స్టార్టప్‌కు ఇంక్యుబేటర్ వాళ్ళు పరిచయం చేసిన పేటెంటు ఏజెంటుగారు పెద్దాయన. కాగితం తిప్పి చివరి పేజీలు తీశారు. "శీర్షిక చూసి భయపడకమ్మా. హక్కు ఉండేది క్లెయిముల్లోనే, అంటే ఇది నాది అని నంబర్లు వేసి రాసిన వాక్యాల్లోనే. ముందు అవి చదువు, తర్వాత దరఖాస్తు తేదీ చూడు, ఆ తర్వాత ఏ దేశం పేటెంటో చూడు" అన్నారు. దరఖాస్తు 1998 నాటిది. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు. అంటే 2018లోనే తీరిపోయింది. పైగా అది అమెరికా పేటెంటు, హైదరాబాదులో మా ల్యాబును ఆపే అధికారం దానికి ఏనాడూ లేదు. ఒకవేళ ఇక్కడే పేటెంటు ఉన్నా, ప్రయోగం కోసం, పరిశోధన కోసం, విద్యార్థులకు నేర్పడం కోసం ఆ పద్ధతిని వాడుకోవచ్చని మన పేటెంటు చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. మూడు నెలల పని ఆగింది ఈ మూడు ముక్కలు తెలియక.

నాకు ఊపిరి వచ్చింది. ఆయన మాత్రం చెయ్యి ఎత్తి ఆపారు. "పేటెంటు కాలం తీరింది గానీ, అందులో ఉన్న విషయం తీరిపోలేదమ్మా. నువ్వు ఈ పని చేసుకోవచ్చా అనేది ఒక ప్రశ్న. నీకు పేటెంటు వస్తుందా అనేది వేరే ప్రశ్న. రెండో దానికి ఈ పాత కాగితమే నీకు అడ్డు."

ఈ తేడా నాకు బుర్రకెక్కడానికి వారం పట్టింది. కాలం తీరిన పేటెంటు మన చేతులు కట్టదు. కానీ అది లోకానికి ముందే తెలిసిన విషయం కిందకి వస్తుంది కాబట్టి, మనది కొత్తది అనిపించుకోవాలంటే దాన్ని దాటి ఉండాలి.

తర్వాత వెతుకులాట. మొదట్లో నేను 'పుట్టగొడుగు' అనే మాటకు ఇంగ్లీషు పదం కొట్టి వెతికి, ఏమీ లేదని సంబరపడ్డాను. మేడమ్ ఇచ్చిన పేటెంటు శీర్షికలోనే ఆ మాట లేదు, బూజు అని ఉంది. ఇంకొకరు తంతు శిలీంధ్రం అంటారు, మరొకరు బేసిడియోమైసీట్ అంటారు. అందుకని మాటతో కాకుండా వర్గీకరణ సంఖ్యతో వెతకాలి. శిలీంధ్రాల్లోకి జన్యువు పంపే వాహకాలన్నీ సీ12ఎన్ 15/80 కింద ఉంటాయి, మొక్కలవి 15/82 కింద. ఆగ్రోబాక్టీరియం మొక్కల సరుకు కాబట్టి చాలా పేటెంట్లు రెండో దాంట్లో దాక్కుంటాయి. రెండూ వెతకాలి. పేటెంట్లు వెతికే వెబ్‌సైట్లు ఎస్పాసెనెట్, ద లెన్స్, మన ఇన్‌పాస్, మూడూ ఉచితమే. నేను ఒక ఎక్సెల్ షీటులో నంబరు, దేశం, తేదీ, బతికి ఉందా లేదా, మొదటి క్లెయిము నా సొంత మాటల్లో, ఇలా రాసుకున్నాను. ఆ చివరి గడి నింపడమే అసలు చదువు.

ఈలోగా ఒక పొరపాటు జరగబోయింది. ఒక సదస్సుకు పోస్టర్ సారాంశం పంపడానికి సిద్ధం చేశాను, వరిగడ్డి నీళ్ళ సంగతితో సహా. మేడమ్ చూసి రాత్రి పదింటికి ఫోన్ చేశారు. "పంపేశావా? ఇంకా లేదు కదా? ఆపు." మనమే ముందుగా బయటపెడితే మన ఆవిష్కరణే మనకు పాత విషయం అయిపోతుంది. విద్వత్సభలో చదివిన పేపరుకు మన చట్టంలో 12 నెలల వెసులుబాటు ఉంది గానీ, యూరప్‌లో అలాంటిది లేదు. మర్నాడే ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే పూర్తి వివరణ తర్వాత ఇస్తూ ముందుగా తేదీ దక్కించుకునే దరఖాస్తు, పని మొదలుపెట్టాం. తెలుగు రాష్ట్రాలు చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలోకి వస్తాయి, అంతా ఆన్‌లైన్‌లోనే. స్టార్టప్‌కు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు.

ఈ దరఖాస్తుతో పాటు ఇంకో రెండు పనులు తప్పనిసరి అయ్యాయి. మాటల్లో పూర్తిగా వర్ణించలేని జీవపదార్థాన్ని దరఖాస్తు తేదీ దాటకుండా గుర్తింపు పొందిన కేంద్రంలో డిపాజిట్ చేయాలి. మా స్ట్రెయిన్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారానికి పంపాం. రెండోది, మా ఆయిస్టర్ తల్లి కల్చర్ మన అడవిలో ఎండు మాను మీద సేకరించింది కాబట్టి ఎక్కడి నుంచి తెచ్చామో వివరణలో రాయాలి, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గరికీ వెళ్ళాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం భారతీయ సంస్థలు పేటెంటు మంజూరయ్యేలోపు అక్కడ రిజిస్టర్ చేసుకోవాలి. అడవి మనది, అక్కడి జనానిది. ఈ కాగితం పనిని విసుక్కోకూడదని నా అభిప్రాయం.

స్టార్టప్ కాబట్టి త్వరిత పరీక్ష కోరాం. పరీక్షా నివేదిక వచ్చిన రోజు మెయిల్ తెరవడానికి చెయ్యి రాలేదు. రెండు అభ్యంతరాలు. ఒకటి ఊహించినదే: పాత పేటెంటులో రసాయనంతో చేశారు, గడ్డిలో ఫీనాలిక్‌లు ఉంటాయని అందరికీ తెలుసు, రెండూ కలపడం ఈ రంగం తెలిసినవాడికి తట్టేదే. రెండోది 3(జె) సెక్షన్. మొక్కలు, జంతువులు, వాటి భాగాలు పేటెంటుకు పనికిరావు, సూక్ష్మజీవులకు మాత్రం మినహాయింపు. మా తొమ్మిదో క్లెయిములో 'జన్యుమార్పిడి చేసిన పుట్టగొడుగు' అని రాశాం. పుట్టగొడుగు మొక్కా? జీవశాస్త్రంలో కాదు, జంతువూ కాదు. మరి కంటికి ఇంత కనిపించేదాన్ని సూక్ష్మజీవి అని ఎలా అనడం? ఈ ఒక్క మాట మీద మేడమ్, ఏజెంటుగారు గంటన్నర వాదించుకున్నారు. చివరికి గొడుగును వదిలేశాం. మాకు కావలసింది మైసీలియం కల్చరే, క్లెయిములో అదే రాశాం.

జవాబుకు ఆరు నెలల గడువు ఉంది. నాలుగు నెలలు మళ్ళీ ప్రయోగాలకే పోయాయి. వరిగడ్డి నీళ్ళన్నీ ఒకటి కాదని చూపించాలి. ఎక్కువసేపు మరిగించిన నీళ్ళతో ప్లేట్లు బోసిగానే ఉన్నాయి, చల్లనీళ్ళలో నానబెట్టినవాటితోనూ అంతే. మధ్యలో ఒక వేడి దగ్గర, ఒక వ్యవధిలో దించిన నీళ్ళతోనే దూది పింజలు లేచాయి. తెలిసినవాడికి తట్టే విషయమైతే మూడూ ఒకేలా పనిచేయాలి కదా, ఇదే మా వాదన.

హియరింగ్ వీడియోలో జరిగింది. పేటెంటు ఆఫీసు అధికారి అయిన కంట్రోలర్‌గారు ఓపిగ్గా విని ఒకే ప్రశ్న అడిగారు: "ఆ వేడి, ఆ వ్యవధి మొదటి క్లెయిములో ఎందుకు లేవు?" ఏజెంటుగారు నా వైపు చూశారు. అవి వివరణలో ఉన్నాయి, తేదీ వేసిన నా ల్యాబ్ నోట్‌బుక్ పేజీలో ఉన్నాయి, క్లెయిములో మాత్రం 'వరిగడ్డి సారం' అని విశాలంగా రాసుకున్నాం. చేరుస్తామని ఒప్పుకున్నాం. హక్కు ఇరుకైంది, కానీ అది మేం నిజంగా కనుక్కున్నంత మేరకే ఉంది.

హియరింగ్ తర్వాత లిఖితపూర్వక వాదనకు 15 రోజులు ఇస్తారు. పన్నెండో రోజున సవరించిన క్లెయిములతో పంపాం. ఉత్తర్వు ఇంకా రాలేదు. షెడ్డులో మాత్రం ఇప్పుడు గడ్డి నీళ్ళు కాలవలో పోయట్లేదు, మా కోసం ఒక డ్రమ్ము మూతపెట్టి ఉంచుతున్నారు.