బల్బుకీ మల్లెపూలకీ తేడా తెలియని కెమెరా

ఏడో ప్రయత్నం కూడా బెడిసికొట్టింది. బల్బుల వరకు బ్రహ్మాండంగా వచ్చింది, మల్లెపూలే చెడ్డాయి.

మొన్న ఆదివారం పొద్దున నాలుగున్నరకల్లా బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో ఉన్నాను. పూల గుట్టల మీద తీగకి వేలాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుల చుట్టూ ఎర్రటి వలయం రావాలి, సినీస్టిల్ 800టి అనే ఫిల్మ్ రోల్‌లో వస్తుందే, అలా. మూడు నెలల నుంచి ఇదే తంటా. అసలు రోల్ కొని తీయొచ్చు కదా అంటారేమో, కిందటేడు ఒకటి కొన్నాను. కడిగి స్కాన్ చేసిన ల్యాబ్ వాళ్లు రాత్రి నీలాన్నంతా కలర్ కరెక్షన్ చేసి, చక్కగా పసుప్పచ్చగా మార్చి పంపారు. రోలూ స్కానూ కలిపి అయిన ఖర్చు మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

నా ఫ్యూజీ కెమెరా సెట్టింగుల్లో మిగతావి ఖాయమైపోయాయి. రంగులకి క్లాసిక్ నెగ్ (ఫిల్మ్ రంగుల్ని అనుకరించే ఫ్యూజీ సిమ్యులేషన్లలో ఒకటి), గ్రెయిన్ వీక్, సైజు స్మాల్. నలుపు తెలుపుకి ఆక్రోస్, ఇంకేమీ ముట్టుకోను. క్లాసిక్ క్రోమ్ అనే ఇంకో సిమ్యులేషన్ మధ్యాహ్నం మల్లేశ్వరం గోడలకి బాగుంటుంది గానీ మన చామనఛాయ ముఖాలకి పెడితే జ్వరం తగిలి లేచినట్టు కనిపిస్తారు. డబ్బులిచ్చి కొనే ప్రీసెట్ల (రెడీమేడ్ రంగు సెట్టింగుల) గురించి అడగొద్దు. రెండు ప్యాకులు కొన్నాను. రెండింట్లోనూ మా అమ్మ ముఖం ఇటుక రంగులోకి పోయింది. గీతలు, దుమ్ము, మూలన మంట పెట్టే ఫోన్ యాప్‌లైతే ఇంకా అన్యాయం. అలాంటి ఫోటో ఒకటి పంపితే, కెమెరా కింద పడేశావా అని మా నాన్న ఫోన్ చేశాడు.

ఇక అసలు గొడవ.

మొదటి మూడు ప్రయత్నాలు అందరూ చేసేవే. జేపెగ్‌లో (0 నుంచి 255 వరకు వెలుగు లెక్కలో) 245 దాటిన తెలుపుని ఎంచుకుని, కాపీ లేయర్‌లో బ్లర్ చేసి, ఎరుపు రంగేసి, స్క్రీన్ మోడ్‌లో పైన పెట్టడం. బల్బుల చుట్టూ ఎరుపు వచ్చింది. మల్లె గుట్ట చుట్టూ కూడా వచ్చింది. ప్లాస్టిక్ పట్టా చుట్టూ, పక్క కొట్టు అతని తెల్ల బనియను చుట్టూ, అన్నిటికీ వచ్చింది. బాగుందనే భ్రమలో ఒకటి ప్రింటు వేయించి, నేనెప్పుడూ ఫోటోలు తీసే పూలక్కకి ఇచ్చాను. హిందూపురం వైపు మనిషి. బల్బు కిందకి పెట్టి చూసింది.

"ఏంది సామీ, నా మల్లెపూలకి తుప్పు పట్టిచ్చినావు? ఇట్లుంటే ఎవురు కొంటారు?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. మల్లె వాడితే ముందు రేకుల అంచులే గోధుమ ఎరుపులోకి తిరుగుతాయి. నేను తాజా పూలని నిన్నటి పూలుగా మార్చి, పైగా ప్రింటు తీసి చేతికిచ్చాను.

ఇంటికొచ్చి కొలిచాను. ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 800 దగ్గర, బల్బుకి మూరెడు దూరంలో ఉన్న మల్లెలు 1/125లో అంచుకి వస్తాయి. ఇంకొంచెం కాంతి ఎక్కువైతే తెల్లగా పేలిపోతాయి. బల్బు పేలకుండా ఉండాలంటే ఎంత తగ్గించాలో చూద్దామని షట్టర్ పెంచుకుంటూ పోయాను. నా ఎక్స్-టి30 రెండో మోడల్‌లో మెకానికల్ షట్టర్ 1/4000తో ఆగిపోతుంది. అప్పటికీ బల్బు తెల్ల ముద్దే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చిట్టచివరి 1/32000కి వెళ్తే గానీ బల్బు గుండ్రం కనపడలేదు, అదీ నల్ల చారలతో. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, సెన్సరేమో వరస తర్వాత వరస చదువుతుంది, ఆ చారలు అందుకే. చారలు పక్కన పెడితే మొత్తం ఎనిమిది స్టాపులు (ఒక్కో స్టాపుకి కాంతి సగం). అంటే బల్బు మల్లె కంటే 256 రెట్లు ప్రకాశం. జేపెగ్‌లో రెండూ 255. నా లేయర్‌కి ఏది దీపమో ఏది పువ్వో ఎలా తెలుస్తుంది? ఫిల్మ్‌కి తెలుసు. లోపలికి దూసుకెళ్లి వెనక్కి తిరిగే కాంతి, వచ్చిన కాంతిని బట్టే ఉంటుంది. మల్లె నుంచి తిరిగేది కంటికి ఆనదు, బల్బు నుంచి తిరిగేది వలయం కడుతుంది.

నాలుగోసారి లెన్స్ ముందు పెట్టి కాంతిని చెదరగొట్టే బ్లాక్ మిస్ట్ ఫిల్టర్, 1/4 రకం. ఒక్క మాటలో చెప్పాలంటే, 90ల పెళ్లి వీడియోలో కలల సీను. ఎరుపు రాదు, తెల్లటి మంచు వస్తుంది, అది కూడా మల్లెల మీద నుంచే ఎక్కువ. వీటిని పొగిడేవాళ్లు ఏం చూసి పొగుడుతున్నారో నాకర్థం కాలేదు.

ఐదోసారి రా ఫైల్‌నే (కెమెరా ఏ మార్పూ చేయని సెన్సర్ డేటా) మూడు స్టాపులు తగ్గించి, 1/1000లో తీశాను. వెలుగులు పేలకుండా కాపాడే డీఆర్ సెట్టింగుని 400కి పెడితే కెమెరా తనంతట తను రెండు స్టాపులు తగ్గించి లెక్క కలిపేస్తుంది, అందుకని డీఆర్ 100కి మార్చాను. ఇప్పుడు మల్లెలు ఎక్కడా పేలవు, పేలింది బల్బు మాత్రమే. మాస్క్ (వలయం ఎక్కడ వేయాలో చెప్పే ఎంపిక) సులువుగా వచ్చింది. తక్కెడ స్టీలు పళ్లెంలో బల్బు మెరుపు కూడా మాస్క్‌లో పడింది. దాన్ని గంటసేపు కూర్చుని చేత్తో చెరిపాక తట్టింది, ఫిల్మ్ అయితే ఆ మెరుపుకి కూడా వలయం కట్టేదని. మళ్లీ వెనక్కి పెట్టాను.

ఆరోసారి వలయం సైజు. ఇన్నాళ్లూ కంటికి బాగుందని 120 పిక్సెళ్ల బ్లర్ వాడాను. లెక్క వేసి చూద్దామనిపించింది. ఫిల్మ్ పునాది, అంటే అడుగున ఉండే ప్లాస్టిక్, మందం దాదాపు 0.13 మిల్లీమీటర్లు. కాంతి ఎమల్షన్‌లో (బొమ్మ పడే పొరల్లో) చెదిరి, పునాది దాటి, వెనక అంచుని తాకుతుంది. నిటారుగా తాకింది చాలావరకు బయటికి పోతుంది, దాదాపు 42 డిగ్రీలు దాటి వాలుగా తాకింది మొత్తం వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగింది బయల్దేరిన చోటు నుంచి సుమారు 0.24 మి.మీ. అవతల పడాలి. 36 మి.మీ. ఫ్రేమ్ నా 6240 పిక్సెళ్లకి సమానం అనుకుంటే అది దాదాపు 42 పిక్సెళ్లు! పైగా నిండు మసక కాదు, వలయం. అందుకని 45 బ్లర్‌లోంచి 20 బ్లర్ తీసేశాను. ఎర్ర పొర అన్నిటికంటే అడుగున ఉంటుంది కాబట్టి తిరిగొచ్చే కాంతి ముందు దానికే తగులుతుంది, బలంగా ఉంటే పైనున్న ఆకుపచ్చ పొర దాకా పోతుంది. అందుకే లోపలి అంచుకి నారింజ, బయటికి ఎరుపు. ఇలా చేశాక బల్బులని చూసి నాకే ముద్దొచ్చింది.

మామూలు ఫిల్మ్‌లో ఈ వలయం రాకుండా కంపెనీలు అడ్డు పొర వేస్తాయి. సినీస్టిల్‌కి మూలమైన కొడాక్ విజన్3 500టి సినిమా ఫిల్మ్‌కి 2025లో కొడాక్ మార్చేదాకా ఆ పని చేసింది వెనకున్న నల్లటి కార్బన్ పూత. అది తీసేసేవాళ్లు కాబట్టే ఈ ఎరుపు. "మీ నాన్న ఆల్బంలో ఎక్కడుంది ఈ ఎరుపు?" అని మా ఆవిడ అడిగింది. లేదు. ఆ ఆల్బంలోని అనంతపురం ఫోటోల్లో ఉన్నది ట్యూబులైటు ఆకుపచ్చ. మరి ఎందుకింత పిచ్చి అంటే, తిరునాళ్లలో నిద్రకళ్లతో చూసిన దీపాలు నాకు ఇలాగే గుర్తున్నాయి. ఫోటోలో కాదు, కళ్లలో.

ఇక ఏడోది. మాస్క్ సరే, సైజు సరే. బల్బు వెనక వేలాడే మల్లె దండల మీద వలయం పడిన చోట మాత్రం గులాబీ రంగు. తుప్పు పోయి గులాబీ వచ్చింది! నా అనుమానం ఇది. ఫిల్మ్‌లో తెల్ల పువ్వు పడిన చోట ఎర్ర పొర అప్పటికే దాదాపు నిండిపోయి ఉంటుంది, ఇంకాస్త ఎరుపు వచ్చినా పెద్దగా తేడా రాదు. నేను మాత్రం కర్వ్ (వెలుగునీడల సర్దుబాటు) అంతా అయిపోయిన జేపెగ్ మీద ఎరుపు పోస్తున్నాను. ఎరుపు కలపాల్సింది కర్వ్‌కి ముందు. జింప్ అనే ఫోటో ఎడిటర్‌లో, కర్వ్ పడని 32 బిట్ లీనియర్‌లో కలిపి చూశాను, మల్లెలు తెల్లగానే నిలబడ్డాయి. కానీ అక్కడ క్లాసిక్ నెగ్ లేదు. ఫ్యూజీ సిమ్యులేషన్ కెమెరా లోపల జరిగే వంట, మధ్యలో మూత తీసి నా ఎరుపు వేయనివ్వరు. రంగులు కావాలంటే వలయం చెడుతుంది, వలయం కావాలంటే రంగులు పోతాయి. రంగులన్నీ కెమెరాలోనే వండిపెట్టే ఫ్యూజీ పద్ధతి హాయి అని నేనే నలుగురికి చెప్పి కొనిపించాను, ఇప్పుడు నోరు మూసుకోవాలి.

రా ఫైళ్లని ఎడిట్ చేసే డార్క్‌టేబుల్‌తో పాటు వచ్చే చార్ట్ పనిముట్టుతో ఒక దారి ఉంది. కలర్ చార్ట్‌ని రా, జేపెగ్ రెండూ తీసి ఇస్తే, జేపెగ్ రంగులకి దగ్గరగా ఒక స్టైల్ కట్టిస్తుంది. చార్ట్ ఇందిరానగర్ ఫ్రెండ్ దగ్గరుంది, శుక్రవారం తెచ్చుకుంటాను. చర్మం రంగులు సరిగ్గా వస్తే చాలు, ఆకుల పచ్చదనం అటూ ఇటూ అయినా నాకు పట్టింపు లేదు.

టైమ్ లేదు. ఉగాది అయిపోయింది, చైత్ర పౌర్ణమికి ఇంక పది రోజులు. ఆ రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఊరేగింపు బయల్దేరుతుంది. తల మీద మోసే నిలువెత్తు మల్లెపూలు, పైనుంచి జనం చల్లే మల్లెపూలు, చుట్టూ ఫ్లడ్‌లైట్లు. నా సమస్య మొత్తం వీధిలో నడిచొస్తుంది. ట్రైపాడ్ పెట్టే చోటుండదు, రెండు ఫ్రేములు తీసి కలిపే అవకాశం ఉండదు. 1/1000, మూడు స్టాపులు తక్కువ, మిగతాది ఇంటికొచ్చాక. అడుగు నీడల్లో నాయిస్ వస్తుంది, దాని మీద గ్రెయిన్ వేసేస్తాను.

అంతకంటే ముందు ఈ ఆదివారం మళ్లీ మార్కెట్. రెండు మూరలు కొని మరీ అక్క ముందు నిలబడతాను. ప్రింటు మాత్రం సంచిలోనే ఉంటుంది, దండల మీద గులాబీ పోయిందో లేదో చూసుకున్నాకే బయటికి తీస్తాను.