చల్లటి ఇంజిన్, కాలిన వేలు

చూపుడు వేలి మీద లేచిన బొబ్బ మానడానికి పది రోజులు పట్టింది. ఆఫీసులో అడిగిన ప్రతివాడికీ "యాక్సిలరేటర్ కేబుల్ తగిలి కాలింది" అనే చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు. వాళ్ల తప్పేం లేదు. సైలెన్సర్ తగిలి కాలిందంటే అర్థముంది, కేబుల్ తగిలి కాలడమేమిటి? పైగా ఆ రోజు ఇంజిన్ అసలు స్టార్టే కాలేదు. వారం రోజులుగా వాన, బండి పోర్టికోలోంచి కదల్లేదు. ఇంజిన్ మీద అరచెయ్యి పెడితే కుండలా చల్లగా ఉంది.

బండి సంగతి ముందు చెప్పాలి. నాది శాన్ స్టార్మ్. ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. ఇద్దరికే చోటున్న బుల్లి స్పోర్ట్స్ కారు, నాదానికి గుడ్డ టాపు. 1990ల చివర్లో మన బెంగళూరు కంపెనీయే దీన్ని తెచ్చింది. అదే గ్రూపుకి వైట్‌ఫీల్డ్‌లో రైలింజన్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజిన్, పైన ఫైబర్ బాడీ, బలం 60 గుర్రాలకి అటూ ఇటూ. ఈ రోజుల్లో మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా నేలకి జానెడు ఎత్తులో కూర్చుని 60లో పోతుంటే 100లో పోతున్నట్టుంటుంది, ఆ సుఖం వేరు. కొన్నరోజు మా ఓనరమ్మ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇద్దురే కూసునే కారేంటికి నాయనా?" అంది. కగ్గదాసపురలో మా ఓనర్లు తరతరాలుగా ఇక్కడివాళ్లే, ఇంట్లో తెలుగే. నా తెనాలి తెలుగు ఆవిడకి వింత, ఆవిడ తెలుగు నాకు ముద్దు. ఆ ప్రశ్నకి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం. వీడియోలు చూసీ చూసీ బుర్రలో ఒక పురుగు దూరింది: ముందున్న బ్యాటరీని తీసి డిక్కీలో పెడితే ముక్కు బరువు తగ్గి, వంపుల్లో బండి చురుగ్గా తిరుగుతుందట. బ్యాటరీ మహా అయితే 11 కిలోలు. పైగా ఇది ముందు చక్రాలతో నడిచే బండి, ఆ చక్రాలకి పట్టు దొరికేదే మీదున్న బరువు వల్ల. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

ప్లస్ వైరు విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకునే చేశాను. ఎస్పీ రోడ్డుకి వెళ్లి 35 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్ తెచ్చాను, ప్లాస్టిక్ గొట్టంలోంచి లాగాను, బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజు పెట్టాను. ఎటు నుంచి ఎటు తేవాలా అని మూడు రాత్రులు కాగితం మీద బొమ్మలు గీశాను. మైనస్‌కి మూడు నిమిషాలు చాలనుకున్నాను. డిక్కీలో ఛాసిస్ (బండి కింది చట్రం) ఇనుముకి ఒక బోల్టు వేసి బిగించి, ఇనుమంతా ఒకటేగదా అని చేతులు దులుపుకున్నాను. ముందు బ్యాటరీ నుంచి గేర్‌బాక్సుకి వెళ్లే పాత లావు మైనస్ వైరు ఇక అనవసరమని విప్పి అట్టపెట్టెలో పడేశాను.

నెల తర్వాత మొదటి దెబ్బ తగిలింది. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి హొస్కోటె వెళ్లి బిర్యానీకి క్యూలో నిలబడటం బెంగళూరులో ఒక జబ్బు, అది నాకూ మా బావమరిదికీ ఉంది. తినేసి పాత మద్రాసు రోడ్డు మీద తిరిగొస్తున్నాం. లారీని దాటడానికి కాలు పూర్తిగా నొక్కాను. దాటాక కాలు తీశాను. పెడల్ మాత్రం పైకి రాలేదు, బండి అదే ఊపులో పోతోంది. క్లచ్ తొక్కితే ఇంజిన్ పెద్దగా అరిచింది. తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పాను, అంతకంటే తిప్పితే స్టీరింగ్ లాక్ పడుతుంది. ఎలాగో ఎడమవైపు ఆపాను. మావాడికి ఏం అర్థమయిందో ఏమో, "బావా, బిర్యానీ పడలేదా?" అన్నాడు.

బానెట్ ఎత్తి కేబుల్‌ని చేత్తో లాగితే కదిలింది, కానీ బెల్లప్పాకంలోంచి గరిటె లాగినట్టు.

కేబుల్ రెండో కొసన ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ దగ్గర మసి పట్టిందేమోనని క్లీనర్ డబ్బా ఒకటి ఖాళీ చేశాను. తేడా లేదు. అంటే కేబులే. ఈ బండికి ఒరిజినల్ సామాను దొరకడం కల్ల. జేసీ రోడ్డు వెనక సందులో పాతది చూపిస్తే దాని కొలతకి కొత్త కేబుల్ చేసిచ్చే కొట్టు ఉంది. ఆ పని చూడటం నాకు భలే ఇష్టం. ఉక్కు తీగని కత్తిరించి, కొసని పోగులు పోగులుగా విప్పి పువ్వులా చేస్తాడు. దాన్ని చిన్న అచ్చులో నిలబెట్టి కరిగించిన సీసం పోస్తాడు. చల్లారాక శనగగింజంత గుండు తయారవుతుంది, ఇక ఎంత లాగినా ఊడదు. 450 రూపాయలు తీసుకున్నాడు. నా పాత కేబుల్‌ని చీల్చి చూపించి, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకి అతుక్కుపోయిందని, సైలెన్సర్‌కి ఆనుతోందేమో చూసుకోమని కన్నడంలో చెప్పాడు. సబబుగానే తోచింది. కొత్తదాన్ని వేడి తగలకుండా దూరం నుంచి తిప్పి, గ్లాస్ టేపు కూడా చుట్టాను.

అయిదు వారాలకి అదీ పట్టేసింది. మళ్లీ 450.

ఈలోగా ఇంకోటి జరుగుతోంది గానీ నేను రెంటినీ కలిపి చూడలేదు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బద్ధకంగా, నిద్రలేచినట్టు తిరిగేది. బ్యాటరీ పాతదయిందిలే అనుకున్నాను. అనుమానం తీరక ఎర్త్ కూడా, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి కూడా చూశాను: మల్టీమీటరుని బీప్ మీద పెట్టి ఒక సూది ఇంజిన్‌కి, రెండోది బ్యాటరీ మైనస్‌కి ఆనించాను. బీప్ అంది. ఎర్త్ బాగానే ఉందని రాసేసుకున్నాను.

ఆ బీప్‌ని నమ్మడమే ఈ కథలో నేను చేసిన అసలు వెధవపని. నా 600 రూపాయల మీటరు దారిలో 30 ఓముల అడ్డున్నా కూస్తుంది. వైరులో వంద పోగులకి ఒక్క పోగు మిగిలినా కూస్తుంది. సెల్ఫ్ మోటారుకి కావలసింది 100 ఆంపియర్లు, అది కాస్త అటూ ఇటూ అయినా సరే. ఆ లెక్కలో ఓములో నూరో వంతు కూడా పెద్ద అడ్డమే. అంత చిన్న సంఖ్యని ఈ మీటరు చూపించలేదు, దాని సూదుల వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఇక వేలు కాలిన శనివారం. వాన తెరిపిచ్చింది, బండి తీద్దామని కూర్చున్నాను. అయిదారుసార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. కేబుల్ మళ్లీ పట్టేసిందేమోనని బానెట్ ఎత్తి, థ్రాటిల్ దగ్గర దాని లోహపు కొసని పట్టుకున్నాను. చురుక్కుమంది. మొదట షాక్ కొట్టిందనుకున్నాను. చల్లటి ఇంజిన్ మీద చల్లటి కేబుల్ కాలడమేమిటని అక్కడే నిలబడిపోయాను. వేడి బయటినుంచి రాలేదంటే లోపల పుట్టినట్టే. తీగలో వేడి పుట్టించేది ఒక్కటే కదా, కరెంటు.

మీటరు మళ్లీ తెచ్చాను, ఈసారి 20 వోల్టుల డీసీ మీద పెట్టి. ఒక సూది ఇంజిన్‌కి, ఒకటి ఛాసిస్‌కి. మా ఆవిడని పిలిచి సీట్లో కూర్చోబెట్టాను. పొయ్యి మీద పులుసుందని గొణుగుతూనే వచ్చింది.

"తిప్పు."

మీటరు 3.1 చూపించింది.

"ఆపు."

సున్నా.

"మళ్లీ తిప్పు."

"ఏమండీ, అక్కడ పొగ వస్తోంది!"

ఎర్త్ వైరు బాగుంటే అక్కడ పావు వోల్టు కూడా కనిపించకూడదు. 3 వోల్టులు, 100 ఆంపియర్లు, అంటే 300 వాట్లు. నేను వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది.

జరిగిందేమిటంటే, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. ఛాసిస్‌కీ దానికీ మధ్య ఇనుము ఇనుముకి తగలదు. బాడీ ఎలాగూ ఫైబరు, దాంట్లో కరెంటు పారదు. నేను విప్పి పారేసిన లావు మైనస్ వైరే సెల్ఫ్ మోటారుకి తిరుగుదారి. ఇప్పుడు ఇంజిన్‌ని ఛాసిస్‌కి కలుపుతూ మిగిలింది లైట్ల కోసం, హారన్ కోసం వేసిన సన్న వైరు ఒక్కటే. తర్వాత చూస్తే దాని తొడుగు గోధుమరంగుకి తిరిగి అప్పడంలా విరుగుతోంది. అది మోయలేనిదంతా వేరే దారులు వెతుక్కుంది. యాక్సిలరేటర్ కేబుల్ పైతొడుగు చుట్టలు చుట్టిన ఉక్కే. ఒక కొస ఇంజిన్ మీద, ఇంకో కొస ఛాసిస్‌కి బిగించిన పెడల్ దగ్గర. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ అది హీటరు కాయిల్ అయి, లోపలి ప్లాస్టిక్‌ని కొంచెం కొంచెంగా కరిగించింది. క్లచ్ కేబుల్ కూడా తన వంతు మోసే ఉంటుంది, లావుది కాబట్టి తట్టుకుంది.

మా మెకానిక్ అన్న సొంతూరు చింతామణి. ఫోన్లో చెబుతుంటే సగంలోనే నవ్వాడు. "పాత అంబాసిడర్లలో చోక్ వైరు ఇట్లే ఎర్రగయ్యేది సార్. ఇంజిన్ ఎర్త్ పట్టీ తెగిందంటే మొదుట కాలేది అదే. నన్ను ఒక మాట అడిగుంటే..." అడగలేదు. అడిగితే బ్యాటరీ ఎందుకు మార్చావని అడుగుతాడు.

రిపేరు ఒక పూట పని. 25 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండడుగులు, దాని కొసలకి రెండు రాగి లగ్గులు, కొట్లోనే మిషన్‌తో నొక్కించుకున్నాను. గేర్‌బాక్స్ బోల్టు దగ్గర ఒక కొస, ఛాసిస్ మీద ఒక కొస. ఛాసిస్ దగ్గర రూపాయి బిళ్లంత మేర పెయింటు మొత్తం ఎమరీ పేపరుతో గీకి, ఇనుము తళతళలాడాక పళ్ల వాషరు వేసి బిగించాను. తుప్పు పట్టకుండా పైన వాజెలీన్ రాశాను. డిక్కీలో మూడు నిమిషాల్లో వేసిన బోల్టునీ విప్పి చూశాను. దాని కింద పెయింటు చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ కరెంటు పోయిందంతా బోల్టు మరల ద్వారానే! దాన్నీ గీకాను.

మా ఆవిడ మళ్లీ తాళం తిప్పింది. 0.14. ఇంజిన్ ఎంత చురుగ్గా అందుకుందంటే, బాగు చేయించి తెచ్చిన సెల్ఫ్ మోటారేమో అన్నట్టుంది. బ్యాటరీ పాతది కాలేదు, దాన్ని అనవసరంగా తిట్టాను. పోర్టికో గోడ మీద ఓనరమ్మ పాల లెక్క రాసుకునే చోట, పక్కనే పెన్సిల్‌తో 3.1 అనీ 0.14 అనీ తేదీ వేసి రాశాను.

ఇక మూడో కేబుల్. కేబుల్ కొట్టతను ఈసారి నమూనా అడగలేదు, కొలత గుర్తుందన్నాడు. అది వేసి ఏడు నెలలయింది, వెన్నలా జారుతోంది. బ్యాటరీ మాత్రం డిక్కీలోనే ఉంది. వంపుల్లో బండి చురుగ్గా తిరుగుతోందా అంటే, తిరుగుతోందనే అంటాను, అంత పడ్డాక ఇంకేమంటాను.

కొట్లో చేయించినవాటిలో కాలిన రెండు కేబుల్సూ పారేయబుద్ధి కాక పోర్టికోలో మేకుకి తగిలించాను. మొన్న చూస్తే ఒకటే ఉంది. రెండోది ఓనరమ్మ తీసుకెళ్లి గేటు పక్కన జాజితీగకి పందిరి కట్టింది.