స్విమ్‌సూట్ కింద పొక్కులు

మొన్న మార్చిలో ఒక ఆదివారం పొద్దున చెన్నై దగ్గరి కోవళం సముద్రంలో నాకు జెల్లీఫిష్ కుట్టింది. ఆ మంట గంటన్నరలో చల్లారింది. అదే పొద్దున, అవే నీళ్లలో, మా పాపకి ఇంకొకటి అంటుకుంది. దాన్ని గుర్తుపట్టడానికి మాకు వారం పట్టింది.

మేముండేది చెన్నైలో, తిరువాన్మియూర్‌లో. పాపకి పదేళ్లు. అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత వచ్చేసింది, ఇక సముద్రంలో ఈదాలని ఒకటే పోరు. మెరీనాలో అలలు మనిషిని లోపలికి లాగేస్తాయని భయం. అందుకే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా కోవళం వెళ్లాం.

నడుం లోతు నీళ్లలో ఉన్నాను. ముంజేతికి తడి దారమేదో చుట్టుకున్నట్టనిపించింది. తీసేద్దామని చెయ్యి పైకెత్తేలోపే, కాలిన పెనం అంటుకున్నట్టు భగ్గుమంది. "అమ్మా" అని అరుస్తూ ఒడ్డుకొచ్చి, ఇసుకతో రుద్దబోయాను. పడవ పక్కన వల దులుపుతున్న ఒక పెద్దాయన తెలుగులోనే కేకేశాడు. "రుద్దబాకమ్మా! ఇసక పెట్టబాక!" కృష్ణపట్నం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నా చేతిలోని మంచినీళ్ల బాటిల్ కూడా లాగేసుకున్నాడు. "సొరి తగిలింది. ఉప్పునీళ్లే పొయ్యాల" అన్నాడు. సొరి అంటే ఇక్కడి జాలర్ల మాటలో జెల్లీఫిష్.

సముద్రపు నీళ్లు పోస్తూ చిన్న పటకారుతో ఆ పోగుల్ని ఒక్కొక్కటిగా తీశాడు. నీళ్లలో గాజులా కనపడకుండా ఉన్న పోగు, చర్మం మీద లేత ఊదారంగులో ఉంది. తీసిన చోటల్లా ఎర్రటి చుక్కలు, పూసలు గుచ్చినట్టు వరసగా. ఆ తర్వాత టీకొట్టు బాయిలర్ నుంచి వేడినీళ్లు తెప్పించి, బకెట్‌లో చన్నీళ్లు కలిపి, ముందు బాగున్న చెయ్యి పెట్టి చూసుకోమన్నాడు. ఓర్చుకోగలిగినంత వేడి, అంటే 40 నుంచి 45 డిగ్రీల మధ్య. అంతకు మించితే చర్మం కాలుతుంది. అరగంట అందులోనే ఉంచాను. మంట దిగిపోతుంటే ఆ పెద్దాయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. మూత్రం పోస్తే తగ్గుతుందని చాలామంది అంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి. వెనిగర్ కూడా కొన్ని రకాల జెల్లీఫిష్‌కి పనికొస్తుంది, కొన్నింటికి ఎదురు తిరుగుతుంది. ఊపిరాడకపోయినా, మొహం వాచినా మాత్రం ఇవేవీ చూసుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

నా గొడవలో నేనుంటే, పాప ఇంకో గంట ఈదింది. ఎండకి నల్లబడుతుందని స్విమ్‌సూట్ మీద వదులు టీషర్ట్ వేసింది కూడా నేనే. తర్వాత ఆ బట్టల మీదే షవర్ కింద నిలబెట్టి, అలాగే కారెక్కించాను. ఇంటికొచ్చేదాకా, ముప్పావు గంట, తడి బట్టల్లోనే కూర్చుంది.

ఆ రాత్రి గోకుడు మొదలైంది. తెల్లారేసరికి పొట్ట మీద, వీపు మీద, పిరుదుల మీద ఎర్రటి పొక్కులు. ఒళ్లు 101 కాలుతోంది. కావలి నుంచి అమ్మ ఫోన్‌లో కంగారు పడింది. "ఎండలు ముదురుతున్నాయి, అమ్మవారు పోసిందేమో చూడు. వేపమండలు తెచ్చి పక్కన పెట్టు." నాకూ అదే టెన్షన్. దగ్గర్లోని క్లినిక్‌లో చూపిస్తే చెమటకాయలన్నారు, పౌడర్ ఇచ్చారు. జ్వరం రెండ్రోజుల్లో తగ్గింది. దురద మాత్రం పిల్లని రాత్రుళ్లు పడుకోనివ్వలేదు. గోళ్లు కత్తిరించాను, చేతులకి సాక్సులు తొడిగాను. నిద్రలోనే వాటిని పీకేసి గోక్కునేది.

చెమటకాయలకి చల్లటి నీళ్లు హాయిగా ఉంటాయి కదా అని శనివారం పూల్‌కి పంపాను. అదే స్విమ్‌సూట్‌తో. కోవళం నుంచి వచ్చాక దాన్ని ఊరికే జాడించి నీడలో ఆరేశాను. ఆ రాత్రి పొక్కులు రెండింతలయ్యాయి. పాప ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

సోమవారం చర్మ డాక్టర్ దగ్గరికెళ్లాం. ఆవిడ పొక్కుల్ని చూసి మందు రాయకుండా పాప చేతికి కాగితం, పెన్ను ఇచ్చింది. "నీ స్విమ్‌సూట్ ఎలా ఉంటుందో బొమ్మ వెయ్యమ్మా" అంది. పాప భుజాల పట్టీలు, వీపు మీద గుండ్రటి కోత, తొడల దగ్గర ఎలాస్టిక్ అన్నీ వేసింది. డాక్టర్ ఆ కాగితాన్ని పాప ఒంటి పక్కన పట్టుకుని నాకు చూపించింది. బొమ్మలో గీత ఎక్కడుందో పొక్కులు అక్కడ ఆగాయి. ఎలాస్టిక్ బిగుసుకున్న చోట మరీ దట్టంగా ఉన్నాయి. మొహం, చేతులు, పిక్కలు నున్నగా ఉన్నాయి. వారం రోజులుగా ఆ ఒంటికి నేనే పౌడర్ అద్దుతున్నాను, ఆ గీత నా కంటికి ఆనలేదు.

దీన్ని సీ బేదర్స్ ఇరప్షన్ అంటారట. వాడుకలో సీ లైస్, అంటే సముద్రపు పేలు. నిజానికి పేలు కావు. అసలు సీ లైస్ చేపల్ని పట్టే పరాన్నజీవులు. ఇవి జెల్లీఫిష్, సీ అనిమోన్‌ల (పువ్వులా కనిపించే సముద్రజీవుల) పిల్లలు, మిరియపు పొడి నలుసంత ఉంటాయి. ఫ్లోరిడా, కరీబియన్ తీరాల్లో థింబుల్ జెల్లీఫిష్ పిల్లల వల్ల ఇది బాగా వస్తుందని డాక్టర్ చెప్పింది. బట్టకీ ఒంటికీ మధ్య ఇరుక్కుంటాయి. వీటికీ విషపు ముళ్లుంటాయి. బట్ట ఒత్తుకున్నా, రుద్దుకున్నా, మంచినీళ్లు తగిలినా ఆ ముళ్లు విచ్చుకుని గుచ్చుకుంటాయి. టీషర్ట్, బట్టల మీద షవర్, తడి బట్టలతో ప్రయాణం, మూడూ నేను చేసినవే. నలుసు చచ్చి ఎండినా ముళ్లు బట్టలోనే ఉండిపోతాయి. పూల్‌లో జరిగింది అదే.

ఒక శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమ్, రాత్రికి సెట్రిజిన్, దురద పెట్టినప్పుడు కాలమైన్. మూడో రాత్రి పాప తెల్లారేదాకా పడుకుంది. నేను మధ్యలో రెండుసార్లు లేచి చూశాను, చేతులు కదలకుండా ఉన్నాయి. స్విమ్‌సూట్‌ని సర్ఫ్ వేసి వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, మేడ మీద మండుటెండలో ఆరేశాను. కోవళం వెళ్లిన పదిహేనో రోజుకి పొక్కులు పూర్తిగా మాడిపోయాయి.

పాప కుదుటపడుతుండగా నా ముంజేతి మీద గీతలు మళ్లీ లేచాయి. సముద్రం మొహం చూడకుండానే! విషానికి ఒళ్లు ఆలస్యంగా ఎదురు తిరిగితే, వారం పది రోజులకి ఇలా పైకి తేలుతుందట. అదే క్రీమ్‌తో తగ్గింది. గోధుమరంగు మచ్చలు నాలుగు నెలలున్నాయి.

జులైలో పాప మళ్లీ అడిగింది. ఈసారి టీషర్ట్ లేదు. నీళ్లలోంచి రాగానే స్విమ్‌సూట్ విప్పడానికి పెద్ద తువ్వాలు, వేరే బట్టలు సంచిలో పెట్టుకుంది. కోవళంలో దిగగానే పెద్దాయన పడవ కోసం వెతికాం. ఆయన వల విప్పి పాపని దగ్గరికి పిలిచాడు. చేపల మధ్య తెల్లటి జిగురు ముద్దలు నాలుగైదు ఉన్నాయి. "ఇయ్యాల దిగబాక బుజ్జమ్మా" అన్నాడు. పాప మారుమాట్లాడకుండా సంచి భుజానికి వేసుకుంది. టీకొట్టు దగ్గర బజ్జీలు తిని ఇంటికొచ్చేశాం.