ముల్లుగడ్డి: గింజ దిగుతోంది, మొలక మాత్రం లేదు

50 గింజలకు 4 మొలకలు! హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల మీద ఎవరూ నాటకుండానే దుబ్బులు కట్టే గడ్డి, మా డాబా మీద ఇన్ని రాజభోగాల మధ్య మొలవనంటోంది. గుట్టెక్కితే ప్యాంటు అంచుకు గుచ్చుకుని ఇంటిదాకా వచ్చేస్తుందే, అదే ముల్లుగడ్డి, శాస్త్రీయ నామం హెటెరోపోగాన్ కంటార్టస్.

పక్క టబ్బులో అంజన్ గడ్డి కంకులు కూడా వేసేసింది.

ముందు కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడిలో) వేశాను. గింజ మొన సూదిలా ఉంటుంది, దాని చుట్టూ పైకి వాలిన నూగు, పైన ఏడెనిమిది సెంటీమీటర్ల తోక. తడి తగలగానే తోక మెలి విప్పుకుంటూ తిరుగుతుంది, ఆరితే మళ్లీ మెలిపడుతుంది. ఆ తిప్పుడుకే మొన మట్టిలోకి దిగాలి. కోకోపీట్ మరీ గుల్ల, పట్టు దొరకదు. రాత్రి నీళ్లు చల్లితే తెల్లారేసరికి తోకలన్నీ పెనవేసుకుని ఓ మూలకు చేరాయి, గింజలన్నీ గాల్లో. ఏ విత్తనానికైనా కోకోపీటే అనేవాళ్ల మాట నేనిక వినను.

ఎర్రమట్టిలో గులకరాళ్లు కలిపి వేస్తే సెంటీమీటరు దాకా చక్కగా దిగాయి. అయినా మొలవవే! తవ్వి చూశాను. కొన్ని బూజుపట్టాయి (సాఫ్ అనే బూజుమందు పోశాక ఆగింది). కొన్ని గోటితో నొక్కితే ఉత్త పొట్టు. మిగతావి గట్టిగానే ఉన్నాయి, నిద్రలో ఉన్నాయంతే. ఈ గింజ రాలిన కొత్తలో మొలవదు, నెలల తరబడి ఆగుతుంది. వానలు వెళ్లాక రాలింది వెంటనే మొలిస్తే వేసవికి మాడిపోదూ?

మొలిచిన నాలుగూ మెట్లగది రేకు కింద కాగితం కవర్లో మే నెలంతా ఉడికినవే. ఫ్రిజ్‌లో పెట్టినవాటిలో ఒక్కటీ లేవలేదు. వేడే నిద్ర లేపిందని నా అనుమానం. కానీ కవర్లోవాటిని పొగ పట్టించిన నీళ్లలో కూడా నానబెట్టాను, ఆ మహిమేమో. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో బయళ్లకు నిప్పు పెట్టాక ఈ గడ్డి బాగా మొలుస్తుంది మరి.

ఈ చలికాలం ముదిరి నల్లబడిన తోకలవే, పట్టుకుంటే ఊడొచ్చేవే ఏరతాను. తోకలు కత్తిరించి నాలుగు కవర్లు: వేడి ఒక్కటే, పొగ ఒక్కటే, రెండూ, ఏదీ లేనిది. ఈలోగా ఆ నాలుగు మొలకలను అంజన్ టబ్బుకు దూరంగా జరపాలి. హవాయిలో ఒకప్పుడు ఇళ్లకు కప్పు వేసుకున్న ఇదే గడ్డిని తరిమేస్తున్నది అంజనే. వాటిని పక్కపక్కన ఉంచే ధైర్యం నాకు లేదు.