స్థావరాణాం హిమాలయః

మా ఇంట్లో నిత్యాభిషేకం చిన్న రాగి పళ్లెంలో జరుగుతుంది. సంపుటంలోంచి సాలగ్రామాన్ని తీసి పళ్లెంలో పెట్టి ఉద్ధరిణెతో నీళ్లు పోస్తాను. అప్పటిదాకా బూడిదరంగులో పొడిపొడిగా ఉన్న రాయి ఒక్కసారిగా నల్లగా నిగనిగలాడుతుంది. పక్కన చిన్న నోరు. అందులోకి నీళ్లు జారితే లోపల సన్నటి గీతలు, చుట్టలు చుట్టుకుంటూ లోతుకు పోతాయి. అదే చక్రం. నాన్నగారు దీన్ని నా చేతిలో పెట్టినప్పుడు, "దీనికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదురా. నీళ్లూ తులసీ మరిచిపోకు, చాలు" అన్నారు.

అభిషేకం చేస్తూ భగవద్గీతలోని విభూతి యోగం చదువుకోవడం నా అలవాటు. "యజ్ఞానాం జపయజ్ఞోఽస్మి స్థావరాణాం హిమాలయః" దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగుతాను. యజ్ఞాల్లో జపయజ్ఞాన్ని, స్థావరాల్లో, అంటే కదలనివాటిలో, హిమాలయాన్ని నేనే అంటాడు కృష్ణుడు. దీనికి రెండు శ్లోకాల ముందే "మేరుః శిఖరిణామహమ్" అనేశాడు స్వామి. శిఖరాల వరసలో పెద్దపీట మేరువుకే. హిమాలయాన్ని లెక్కపెట్టింది ఎత్తుకు కాదు, నిలకడకు. శంకరులు కూడా తన భాష్యంలో అక్కడ "స్థితిమతాం", నిలిచి ఉండేవాటిలో, అని ఒక్క మాటతో సరిపెట్టారు.

నిలకడ అంటే ఎంతలో? పడమట నంగా పర్బత్ నుంచి తూర్పున నాంచా బర్వా దాకా సుమారు 2,400 కిలోమీటర్లు. సింధు, బ్రహ్మపుత్ర రెండూ పుట్టింది కైలాస మానససరోవర ప్రాంతంలోనే. ఒకటి పడమటికి, ఒకటి తూర్పుకి వెళ్లి, చెరో కొసనా కొండను చుట్టి కిందికి దిగుతాయి. అప్పచెల్లెళ్లు ఒకే ఇంటికి రెండువైపులా కంచె వేసినట్టు ఉంటుంది పటంలో చూస్తే.

మా సాలగ్రామం పుట్టిల్లు ఈ రెండు కొసల నడుమ, నేపాల్‌లోని కాళీ గండకి. ఒకవైపు ధవళగిరి 8,167 మీటర్లు, ఇంకోవైపు అన్నపూర్ణ 8,091. ఆ రెంటి మధ్య కోసుకుంటూ పోతుంది నది. కొండలు లేవకముందే తను అక్కడ పారుతోందట. అవి లేచినకొద్దీ తను కోస్తూ వచ్చింది. ఆ లోయ పైనున్న ముక్తినాథ్ గుడికి వెళ్లినప్పుడు చూశాను. మధ్యాహ్నం దాటితే దారిలోని జోంసోం ఊళ్లో గాలి మనిషిని నిలబడనివ్వదు. అయినా ఏటి ఒడ్డున యాత్రికులు నడుం వంచి నల్లరాళ్లు ఏరుతూనే ఉన్నారు. పైన గుళ్లో 108 ధారల కింద తడిసినప్పటి వణుకు మాత్రం రాయడానికి రాదు.

మా మేనల్లుడు భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చి పళ్లెంలోకి తొంగిచూసి, "మావయ్యా, ఇది అమ్మోనైట్. సముద్రపు జీవి. దగ్గర దగ్గర 15 కోట్ల ఏళ్ల కిందటిది" అన్నాడు. ఇప్పుడు హిమాలయం ఉన్నచోట అప్పుడు టెథిస్ సముద్రం. మన భూఖండం దక్షిణం నుంచి వచ్చి సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొంటే, ఆ సముద్రగర్భం మడతలు పడి కొండై లేచింది. ఎవరెస్టు కొసన ఉన్నది కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయేనట. వాడు ఇదంతా చెప్పి నా మొహం వంక చూశాడు, కోప్పడతానేమోనని. నాకెందుకు కోపం? వజ్రకీటం తొలిచి చక్రాలు చేసిందని మన పెద్దలూ ఒక జీవి పేరే చెప్పారు. పాలకడలిలో పవళించేవాడు కొండ మీద రాయిగా దొరుకుతున్నాడంటే నాకు ఇంకా ముచ్చటేసింది.

చిక్కు వేరేచోట వచ్చింది. మన నేల ఇప్పటికీ ఏటా 4-5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూనే ఉందన్నాడు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఖాట్మండు పరిసరాలు ఉన్నపళంగా మీటరు దాకా పైకి లేచాయట. మరి స్థావరం ఏమిటి? ఆ రోజంతా నలిగాను. కదలనిదని కదా అర్థం చెప్పుకుంటున్నాం! మర్నాడు అదే పంక్తి చదువుతుంటే మొదటి సగం చెవిన పడింది. జపయజ్ఞం. నాన్నగారు పడకకుర్చీలో కూర్చుని చేసే జపం గుర్తొచ్చింది. మనిషి కదిలేవారు కాదు, పెదవులు కనిపించీ కనిపించకుండా ఆడుతుండేవి. జపాన్నీ హిమాలయాన్నీ ఒకే పంక్తిలో పక్కపక్కన ఎందుకు కూర్చోబెట్టాడో నాకు తోచింది ఇంతే.

తీర్థానికి చెయ్యి పడుతూ మేనల్లుడు నవ్వాడు. "మావయ్యా, రోజూ సంకల్పంలో 'మేరోర్దక్షిణ దిగ్భాగే', మేరువుకి దక్షిణాన ఉన్నామని, అంటావు కదా. మీ శ్రీశైలంతో సహా ఏటా రెండు మూడు వేళ్లంత దగ్గరవుతున్నాం మేరువుకి."

"అకాలమృత్యుహరణం" అంటూ వాడి దోసిట్లో పోశాను. పళ్లెంలో రాయి అప్పుడే అంచుల దగ్గర ఆరుతూ బూడిదరంగుకి తిరుగుతోంది.