తాతగారి ఓడ

తాతగారు చెక్కిన ‘కట్టీ సార్క్’ కొయ్య నమూనాను ఈ వేసవిలో బాగుచేశాను. 1869లో స్కాట్లాండులోని డంబార్టన్‌లో నీటికి దింపిన అసలు ఓడ 2007లో అగ్నిప్రమాదానికి గురై, మరమ్మతుల తరువాత నేటికీ లండన్‌లోని గ్రినిచ్‌లో నిలిచి ఉంది; మా ఓడను పడగొట్టింది మాత్రం పిల్లి.

మూడు తెరచాప కొయ్యల్లో నడిమిది విరిగింది. విరిగినచోట జిగురుతో అతికిస్తే, దారాలు బిగించగానే మళ్ళీ ఊడిపోయింది. రెండు ముక్కలకూ సన్నటి బెజ్జాలు వేసి, లోపల వెదురు పుల్ల దిగ్గొట్టాకగానీ నిలవలేదు. నూలు దారాలకు తేనెమైనం పట్టించడంతో వాటి నూగు అణిగింది. కొత్త తెరచాపల గుడ్డ మరీ తెల్లగా ఉండటంతో టీ డికాక్షన్‌లో నానబెట్టాను (తేయాకు మోసిన ఓడకు అంతకన్నా తగిన రంగేముంది?). కాస్త వంగిన ఒక అడ్డకర్రను మాత్రం మార్చలేదు; దానిపై తాతగారి చాకు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.